చెట్టుకి క్షవరమా, శిరచ్ఛేదమా?

మొక్కలు నాటే మహారాజులకి మన దేశంలో ఏనాడూ కొదవ లేదు. నాలుగు వానలు పడితే చాలు, బడిలో, ఆఫీసులో, కాలనీ సంఘంలో గోతులు తవ్వేస్తారు. గోతికొక మొక్క, మొక్కకి పదిమంది, పదిమందికీ కలిపి ఒక ఫొటో. మరుసటేడు అదే గోతిలో ఇంకో మొక్క, ఇంకో ఫొటో. నిరుటి మొక్క ఏమైందని అడిగారో, పెళ్ళివారింట్లో తుమ్మినవాళ్ళని చూసినట్టు చూస్తారు.

పోనీ లెండి, నాటనివ్వండి. నా తగువు నాటేవాళ్ళతో కాదు. పెరట్లో ముప్ఫయ్యేళ్ళో నలభయ్యేళ్ళో పెరిగిన మానును ఉంచుకుని, ఏడాదికోసారి దాని తల నరికించి, మొదట్లో సిమెంటు పోయించి, "చెట్టుని శుభ్రం చేయించాం" అని తృప్తిగా చేతులు దులుపుకునే ఇళ్ళతోనే నా తగువంతా. గొడ్డలితో ఒక్కసారిగా చచ్చే చెట్ల కన్నా, ఇలాంటి సేవతో కొంచెం కొంచెంగా చచ్చే చెట్లే మన ఇళ్ళల్లో ఎక్కువ. ఆ సంగతే ఇవాళ మీతో తేల్చుకోవాలని కూర్చున్నాను.

మా మల్కాపురం సంగతే తీసుకోండి. ఒకపక్క 1957లో మొదలైన నూనె శుద్ధి కర్మాగారం. ఇంకోపక్క 1941లో పునాదిరాయి పడ్డ ఓడల కర్మాగారం. స్వతంత్రం వచ్చాక 1948 మార్చిలో 'జల ఉష' నీళ్ళలోకి దిగింది అక్కడే. ఆ పక్కన నౌకాదళం, ఆ పక్కన పోర్టు. ఉద్యోగాలకని ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి, వంద గజాలో నూట యాభై గజాలో కొనుక్కుని ఇల్లు కట్టుకున్న పేట ఇది. ఆ రోజుల్లో ఇల్లు కట్టుకున్నవాళ్ళు గోడ లేచేలోపే వాకిట్లో వేపో, పెరట్లో మామిడో, ప్రహరీ వారగా బాదమో, రెండు కొబ్బరి మొక్కలో పెట్టేవారు. అవే ఇవాళ మానులయ్యాయి. నాటినవాళ్ళలో చాలామంది రిటైరయ్యారు, కొందరు వెళ్ళిపోయారు. చెట్లు మాత్రం డ్యూటీలోనే ఉన్నాయి.

ఏం డ్యూటీ అంటారా? మా పేటలో వేపాకు ఒకటి కోసి వేలితో రాసి చూడండి. మసి అంటుతుంది. ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి ఏ రంగులోకి వస్తుందో ఇక్కడి ఆడవాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేదు. దేశంలో కాలుష్యం మితిమీరిన పారిశ్రామిక ప్రాంతాలివీ అని 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వేసిన జాబితాలో విశాఖపట్నం పేరు కూడా ఉంది. చెట్టొక్కటే ఈ పొగనంతా మింగేస్తుందని నేను అనను. పొగగొట్టాల సంగతి పొగగొట్టాల దగ్గరే తేలాలి. కానీ ఆకు మీద ఆగిన దుమ్ము మన ఊపిరితిత్తుల దాకా రాని దుమ్మే కదా! అలాంటి కాపలాదారుని జీతం లేకుండా వాకిట్లో నిలబెట్టుకుని, వాడి తలే తీయిస్తే ఏమనాలి?

ఇక చెట్టు మీద మోపే నేరాలు విందాం. ముద్దాయికి నోరు లేదు కనక వకాల్తా నేను పుచ్చుకుంటున్నాను.

మొదటి నేరం: ఆకులు రాలుస్తుంది. ఇది ఆడవాళ్ళ నోటి నుంచి వచ్చే ఫిర్యాదు కాబట్టి దీన్ని తేలిగ్గా తీసెయ్యను. మాఘం, ఫాల్గుణం వచ్చాయంటే వేప ఆకు వాకిలంతా పరుచుకుంటుంది. బాదం చెట్టయితే ఏడాదికి రెండుసార్లు ఎర్రటి విస్తరాకులంత ఆకులు రాలుస్తుంది. పొద్దున్నే ఊడ్చి కాఫీ పెట్టుకుని బయటికి వచ్చేసరికి మళ్ళీ అంతే! నడుం విరిగే పనే, కాదన్నవాళ్ళ నడుం కాదు కనక వాళ్ళు కాదంటారు. అయితే ఒక్క మాట. ఆ నడుం ఎవరిది? ఊడ్చేది ఇల్లాలో, పనిమనిషో. నీడలో కుర్చీ వేసుకుని పేపరు చదువుకునేది ఆయన. కొట్టించాలని నిర్ణయించేదీ ఆయనే, "నువ్వే కదా ఊడవలేకపోతున్నానన్నావు" అని నేరం మన మీద పెట్టేదీ ఆయనే. పేపరు పట్టిన చేతికి చీపురు తగిలితే అంటురోగమేం రాదు. అబ్బాయి సెల్‌ఫోను పక్కన పెట్టి పది నిమిషాలు ఊడిస్తే వాడి చదువేం ఆగిపోదు. పని పంచుకోలేని ఇంటి తగువుని చెట్టు మీద తీర్చుకోవడం ఏ న్యాయం?

పైగా ఆకు చెత్త కాదు. మున్సిపాలిటీ బండిలో పోసేస్తే చెత్త, దాని చెట్టు మొదట్లోనే పరిస్తే ఎరువు. రెండు మూడంగుళాల మందాన, బెరడుకి తగలకుండా ఓ జానెడు ఎడంగా పరవండి. నేల తడి ఆరదు, వేసవిలో పోసిన నీళ్ళు నిలబడతాయి. మిగిలింది చిల్లులు పెట్టిన పాత డ్రమ్ములో వేసి అప్పుడప్పుడు నీళ్ళు చల్లుతూ ఉంటే కొన్నాళ్ళకి కుండీల్లోకి పనికొస్తుంది. తగలబెట్టకండి మాత్రం. ఉన్న పొగ చాలదా మనకి?

రెండో నేరం: వేళ్ళు గోడల్లోకి, గొట్టాల్లోకి దూరతాయి. ప్లంబరుగారు డ్రైనేజీ గొట్టంలోంచి జడలాంటి వేళ్ళ కుచ్చు లాగి చూపించేసరికి ఇంటాయన మొహం ఎర్రబడుతుంది. కానీ వేరు సుత్తీ ఉలీ పట్టుకుని గొట్టాన్ని పగలగొట్టదండీ. అతుకు దగ్గర కారుతుంటే, ఆ తడి ఉన్నచోటికి వేరు వెళుతుంది. కారే గొట్టం దొంగకి తలుపు తీసి పెట్టి, వచ్చినవాణ్ణి తిట్టినట్టుంది ఇది. అతుకు బాగుచేయించండి, వేరు తన దారిన తాను పోతుంది. రావి, మర్రి గోడ పగుల్లో మొలిచాయంటే అది వేరే కథ. వాటిని రెండాకులప్పుడే పీకెయ్యాలి. మొక్కై వంగనిది మానై వంగునా అని ఊరికే అన్నారా?

మూడో నేరం: వాస్తు. ఇంటిముందు ఫలానా చెట్టు ఉండకూడదుట, నైరుతిలో ఇంకోటి ఉండకూడదుట, అది ఉన్నందువల్లే పిల్లకి సంబంధాలు కుదరడం లేదుట. శాస్త్రం మీద నమ్మకం ఉన్నవాళ్ళతో శాస్త్రంతోనే మాట్లాడదాం. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు రాసిన బృహత్సంహితలో వాస్తువిద్య అని ఒక అధ్యాయం ఉంది. ఇంటి దగ్గర కొన్ని చెట్లు మంచివి కావని అందులో ఉన్న మాట నిజమే. అయితే ఆ వెంటనే ఇంకో మాట కూడా ఉంది: వాటిని కొట్టలేకపోతే వాటి మధ్య పున్నాగ, అశోకం, పొగడ, పనస, జమ్మి లాంటి మంచి చెట్లు నాటుకోమన్నాడు. అంటే దోషానికి విరుగుడు గొడ్డలి ఒక్కటే కాదు, మరో చెట్టు కూడా! అదే గ్రంథంలో వృక్షాయుర్వేదం అనే అధ్యాయమూ ఉంది. చెట్టుకి జబ్బు ఎలా తెలుసుకోవాలో, వైద్యం ఎలా చెయ్యాలో చెప్పాడు. మన సిద్ధాంతిగారికి మొదటి అధ్యాయంలో మొదటి సగమే కంఠతా వచ్చినట్టుంది.

నాలుగో నేరం: కరెంటు తీగలు. ఇది అసలైన చిక్కే. తీగకి కొమ్మ తగిలితే నిప్పు, ప్రాణాపాయం. కనక కొట్టాల్సిందే. ఎలా కొట్టాలన్నదే ప్రశ్న. తీగల కింద చెట్టుని మధ్యకి చీల్చి, లేకపోతే ఒకపక్కంతా గొరిగేసి వదిలిపోతే, బరువంతా రెండోపక్కకి పడి, ఆ చెట్టు ఒంటి కాలి మీద నిలబడ్డ కొంగలా అవుతుంది. తీగవైపు వెళ్ళే కొమ్మని, దాని మొదట్లోనో, అవతలివైపు తిరిగే ఉపకొమ్మ పుట్టిన చోటో కొయ్యాలి. అప్పుడు ఎదుగుదల తీగకి దూరంగా మళ్ళుతుంది. ఆ పని మేడమీంచి వెదురు గెడకి కొడవలి కట్టుకుని మనం చేసేది మాత్రం కాదు. ఆ శాఖవాళ్ళకి చెప్పి, సరఫరా ఆపించి చేయించాలి. చేసేటప్పుడు ఎదురుగా నిలబడి, ఏ కొమ్మ ఎక్కడిదాకానో అడగాలి. చీర కొనేటప్పుడు అంచు ఎన్ని అంగుళాలో కొలిచి చూసే మనకి ఈ మాత్రం అడగడం కష్టమా?

ఇక నేరాలన్నింటికీ కలిపి వేసే శిక్ష ఒకటుంది. దాని పేరే క్షవరం.

గొడ్డలి భుజాన వేసుకుని ఒకతను వీధిలో వెళుతుంటాడు. పిలుస్తాం. అతను చెట్టుని కిందనుంచి పైదాకా ఒకసారి చూసి, "అమ్మా, తల కొట్టీమంటారా, మొదలంటా తీసీమంటారా?" అంటాడు. హోటల్లో ఇడ్లీయా, దోసెయా అన్నట్టుంటుంది. "మొదలంటా ఎందుకులే బాబూ, పాపం. తల కొట్టెయ్" అంటుంది ఇల్లాలు, దయ తలిచి. సాయంత్రానికి చెట్టు స్థానంలో బోడి మోడు. మూడు నెలలు తిరక్కుండా మోడు చుట్టూ గుత్తులు గుత్తులుగా పచ్చటి చిగుళ్ళు. "చూశారా, ఎంత బాగా చిగిర్చిందో! కొడితేనే చెట్టు బాగా వస్తుంది" అని పక్కింటావిడకి సలహా. ఈ ఒక్క మాట చేసినంత హాని ఏ పురుగూ చెట్టుకి చేసుండదు.

ఆ చిగురు ఆరోగ్యం కాదమ్మా, ఆకలి. చెట్టుకి వంటిల్లు ఆకే. ఆకులన్నీ ఒక్కసారి పోయేసరికి, దాచుకున్న పిండిపదార్థమంతా ఖర్చుపెట్టి ఆదరాబాదరా చిగుళ్ళు తోస్తుంది. ఇంట్లో దొంగలు పడితే బంగారం కుదువబెట్టి బియ్యం కొనుక్కున్నట్టు. పైగా అసలు కొమ్మ చెట్టు లోపలి కర్రతో పొరలు పొరలుగా పెనవేసుకుని పుడుతుంది. ఈ గుత్తి కొమ్మలు బెరడు కిందనుంచి, పైపైన అతుక్కుని వస్తాయి. పొడవు మాత్రం త్వరగా సాగుతాయి. నాలుగేళ్ళకి అవి బరువెక్కేసరికి, వాటి కింద నరికిన మోడు నీళ్ళు దిగి కుళ్ళుతూ ఉంటుంది. గాలి వస్తే ముందు ఊడేవి అవే. ఊడి కారు మీద పడ్డాక "ఈ చెట్టు ప్రమాదం" అని తీర్పు. ప్రమాదాన్ని కూలిచ్చి చేయించుకున్నది ఎవరు?

చెట్టుకి గాయం మనకి మానినట్టు మానదు. మన చర్మం కొత్తగా పుడుతుంది. చెట్టు మాత్రం దెబ్బతిన్న కర్రని లోపల గోడలు కట్టి వేరుచేసి, పైనుంచి కొత్త కర్రతో మూసేస్తుంది. అమెరికా అటవీశాఖలో పనిచేసిన అలెక్స్ షైగో అనే శాస్త్రవేత్త వేల చెట్లని నిలువునా కోసి చూసి 1970ల్లోనే ఈ సంగతి బయటపెట్టాడు. కొమ్మ మొదట్లో మెడకి పట్టిన ముడతలా ఉబ్బెత్తుగా ఒక పట్టీ ఉంటుంది, గమనించండి. ఆ మూసే పని చేసేది అదే. కాబట్టి ఆ పట్టీ పోయేలా కాండానికి సాఫుగా చెక్కకూడదు, అలాగని జానెడు మొండి మిగల్చనూకూడదు. పట్టీని వదిలి, దాన్ని ఆనుకుని బయటికి కొయ్యాలి. తారు పూస్తే గాయం త్వరగా మూస్తుందనేది ఒట్టి భ్రమ. తొర్రలో సిమెంటు నింపడం అంతకన్నా పెద్ద భ్రమ.

తొర్ర అంటే గుర్తొచ్చింది. తొర్ర ఉన్న చెట్టు చచ్చిన చెట్టని కొట్టించేవాళ్ళున్నారు. చెట్టులో ప్రాణమంతా బెరడు కింద ఉన్న పలచటి పొరల్లో ఉంటుంది. నడిమి చేవ నిలబెట్టే వాసమే కానీ ప్రాణం కాదు. చుట్టూ గట్టి కర్ర తగినంత మందంగా ఉంటే గొట్టం నిలబడ్డట్టే చెట్టూ నిలబడుతుంది. ఆ తొర్రలో చిలకలో, పైడికంటెలో కాపురం ఉండొచ్చు. వాటికి కొత్త అపార్ట్‌మెంటు ఎవరిస్తారు?

కాళ్ళ సంగతి కూడా చెప్పాలి. ఈ మధ్య ప్రతి ఇంటికీ వాకిలంతా టైల్సు, లేకపోతే సిమెంటు గచ్చు. మట్టి కనిపిస్తే నామోషీ. చెట్టు బెరడు దాకా బిగించి పోసేస్తారు, మెడకి తాడు బిగించినట్టు. వేళ్ళు పాతాళానికి వెళతాయని మనం అనుకుంటాం. నిజానికి నీళ్ళు పీల్చే సన్నటి వేళ్ళలో ఎక్కువ భాగం పై రెండడుగుల మట్టిలోనే, కొమ్మల గొడుగు అంచు దాటి కూడా పరుచుకుని ఉంటాయి. వాటికి నీళ్ళే కాదు, గాలి కూడా కావాలి. గచ్చు వేస్తే రెండూ బంద్. ఢిల్లీలో ఈ అన్యాయం ఎంతదాకా వెళ్ళిందంటే, చెట్ల చుట్టూ మీటరు మేర సిమెంటు తీసెయ్యమని 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చింది. మీటరు మట్టి వదలమని మనిషికి కోర్టు చెప్పాలా? దీనికి తోడు బట్టల తీగకి మేకులు, "ఇల్లు అద్దెకివ్వబడును" బోర్డుకి మేకులు, పండగ దీపాలకి బిగించి కట్టి మరిచిపోయిన ఇనప తీగ. చెట్టు లావెక్కేకొద్దీ ఆ తీగ ఒంట్లోకి దిగి, ఆహారం పోయే దారిని కోసేస్తుంది.

ఇలా తల నరికి, కాళ్ళు కట్టేసిన చెట్టుని తుఫాను ముందు నిలబెట్టి, అది పడిపోతే చెట్లే ప్రమాదమంటారు. 2014 అక్టోబరు 12 విశాఖ మరిచిపోయే రోజు కాదు. హుద్‌హుద్ గంటకి 180 కిలోమీటర్ల వేగంతో ఊరి మీద పడింది. పచ్చటి ఊరు ఒక్క పూటలో బోడి అయిపోయింది. ఆ గాలికి మంచి చెట్లు కూడా పడ్డాయి, సందేహం లేదు. కానీ ఆ రోజు నుంచి మా పేటల్లో పెద్ద చెట్టంటే భయం పట్టుకుంది. నిలబడి బతికినవాటిని కూడా "ముందు జాగ్రత్త" అని కొట్టించారు. తుఫానుని తట్టుకున్న చెట్టుకి బహుమానం గొడ్డలి!

తుఫాన్లు మనకొక్కళ్ళకే రావు. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రానికి అవి ఏటా వచ్చే చుట్టాలు. అక్కడి విశ్వవిద్యాలయంవాళ్ళు పెనుగాలులు వెళ్ళాక వీధి వీధీ తిరిగి ఏ చెట్టు పడింది, ఏది నిలిచింది అని లెక్క చూశారు. పద్ధతిగా కత్తిరించిన చెట్లు, వేళ్ళకి చోటున్న చెట్లు, ఒంటరిగా కాక గుంపుగా ఉన్న చెట్లు ఎక్కువగా నిలిచాయని తేలింది. పద్ధతిగా అన్నమాట మరిచిపోకండి. అది తల నరకడం కాదు.

కొట్టేశాక మళ్ళీ నాటుకుంటాంలే అంటారు. నాటిన మొక్క పాత వేపంత నీడ ఇచ్చేసరికి, ఇవాళ ఒళ్ళో ఉన్న మనవడికి పెళ్ళీడు వస్తుంది. హుద్‌హుద్ తరవాత తొందరగా పచ్చదనం రావాలని మా ఊళ్ళో రోడ్ల పక్కన ఏడాకులపాల విరివిగా నాటారు. ఇప్పుడు చలి మొదలయ్యేవేళ అవి పూస్తే ఆ ఘాటు భరించలేమని జనం గోల. తొందరపడి పోగొట్టుకున్నది తొందరపడితే రాదు. ఈలోపు ఎండ ఆగుతుందా? 2015 మే నెలలో వడదెబ్బకి రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా ప్రాణాలు పోయాయి. నీడ అనేది వేడుక వస్తువు కాదని ఇంకెవరు చెప్పాలి? చెట్టు కొట్టించిన చోటే ఏసీ పెట్టె బిగించి, లోపల చల్లగా పడుకుని, వేడంతా వీధిలోకి వదలడం నాగరికత అనుకుంటున్నాం. ఆ వీధిలో కూరగాయల బండి తోసే ఆవిడ ఏ నీడన ఆగుతుంది?

ఒంట్లో బాగున్నప్పుడు పట్టించుకోకుండా, ఆఖరి ఘడియలో ఆస్పత్రికి పరిగెత్తడం మనకి అలవాటే. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి ఏడువందల ఏళ్ళంటారు. చెదలు తొలిచి, 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగి పడింది. 2018లో సెలైను సీసాలు వేలాడదీసి, చుక్క చుక్కగా మందెక్కించి, కొమ్మలకి ఆసరాలు కట్టి బతికించుకోవాల్సి వచ్చింది. ఆ చేసిన చేతులకి దణ్ణం. కానీ పెరటి వేపకి సెలైను ఎవరు పెడతారు? దానికి కావలసింది ఐసీయూ కాదు, ఏడాదికి రెండుసార్లు నాడి చూసే మనిషి.

ఆ నాడి చూడటం మీరే చెయ్యొచ్చు. తుఫాన్ల నెలలు రాకముందు ఒకసారి, వేసవి మొదట్లో ఒకసారి చెట్టు చుట్టూ తిరగండి. ఎండిన కొమ్మలున్నాయా? రెండు పెద్ద కొమ్మలు కలిసే చోట పగులుందా? మొదట్లో పుట్టగొడుగులు మొలిచాయా? ఇదివరకు లేని ఒరుగు కొత్తగా వచ్చి, రెండోపక్క నేల ఉబ్బిందా? ఇవి కనిపిస్తే ఉద్యానశాఖవాళ్ళనో, అటవీశాఖవాళ్ళనో అడగండి. వాళ్ళూ చూసి, ఇక నిలవదంటే తీయించండి. ఇంటి మీద పడే చెట్టుని నిలబెట్టుకోమని నేనెందుకు చెబుతాను? అలాంటి గుర్తులేవీ లేకపోతే ఎండుకొమ్మలు, ఒకదాన్నొకటి రాసుకునే కొమ్మలు తీయిస్తే చాలు. ఏ ఏడూ పచ్చదనంలో పావు వంతుకి మించి పోకూడదు. మామిడికైతే కాయ దిగాక చేయించండి. కొబ్బరికి పచ్చ మట్టలు కొట్టనివ్వకండి, ఎండినవీ, తుఫాను ముందు ముదిరిన కాయలూ దించితే సరి.

పెద్ద కొమ్మ కొయ్యాలంటే మూడు కోతలు. మొదటిది కాండానికి అడుగు దూరంలో, కిందనుంచి మూడో వంతు లోతుకి. రెండోది దానికి కాస్త అవతల, పైనుంచి. కొమ్మ బరువంతా బెరడు చీలకుండా అక్కడ ఊడిపడుతుంది. మిగిలిన మొండిని ఇందాక చెప్పిన పట్టీ వదిలి మూడో కోతతో తియ్యాలి. గొడ్డలతనికి ఈ మాట చెబితే, "ఏటమ్మా, మాకు నేర్పుతారా?" అంటాడు. నేర్పండి. అతని కూలి అతనికివ్వండి, ఇంకో వందో రెండొందలో ఎక్కువే ఇవ్వండి, రంపం తెచ్చుకోమనండి. ఒక్క ఇంట్లో నేర్చిన పని అతను పది ఇళ్ళల్లో చేస్తాడు.

అన్నట్టు, నా స్థలం, నా చెట్టు, నా ఇష్టం అనేవాళ్ళకి ఒక మాట. 2002లో వచ్చిన మన రాష్ట్రపు నీరు, భూమి, వృక్షాల చట్టం, వాల్టా అంటారే, అది కొన్ని మినహాయింపులు తప్ప సొంత స్థలంలో చెట్టు కొట్టడానికైనా ముందు అనుమతి పుచ్చుకోమంటుంది. అపార్ట్‌మెంటు కడతామని వచ్చే బిల్డరుగారు ఈ ముక్క చెప్పరు. ఆయన గీసుకొచ్చిన ప్లానులో కార్లకి చోటుంటుంది, లిఫ్టుకి చోటుంటుంది, వేపకి మాత్రం ఉండదు. గృహప్రవేశం అయ్యాక అదే గేటు పక్కన రెండు కుండీల్లో తాటాకు బొమ్మల్లాంటి మొక్కలు పెట్టి "గ్రీన్" అని పేరు పెడతారు. ఆ తరవాత వచ్చే ఉగాదికి, పెరట్లో రాలిపోతే ఊడ్చి పారబోసిన వేపపువ్వునే రైతుబజారులో బేరమాడి కొనుక్కుంటాం. కార్తీకంలో ఉసిరి నీడ కోసం బస్సు కట్టించుకుని వనభోజనానికి వెళతాం.

కాగితాల మీద సంతకం మీది కాకపోవచ్చు. కానీ ఆ ఒప్పందం మాట్లాడుకునే రోజు కాఫీలిచ్చి లోపలికి వెళ్ళిపోకండి. అక్కడే కూర్చోండి. బాల్కనీ ఎన్ని అడుగులని ఆయన అడిగినప్పుడు, చెట్టుకి ఎన్ని అడుగులని మీరు అడగండి. కుదరదంటే ప్లాను జరపమనండి. గోడ ఆరడుగులు ఇటు కట్టుకోవచ్చు. నలభయ్యేళ్ళ వేపని ఆరడుగులు అటు జరిపే మొనగాడు మాత్రం ఇంకా పుట్టలేదు.